సిరల్లోకి ఎక్కించే పోషక ద్రావణాలు: పదార్థాల, ప్యాకింగు తనిఖీ

నోటితో గానీ, ముక్కులోంచి వేసిన గొట్టంతో గానీ ఆహారం ఇవ్వడానికి వీల్లేని రోగికి నేరుగా సిరలోకి ఎక్కించే సూక్ష్మజీవి రహిత ద్రావణాలను సిర పోషక ద్రావణాలంటారు. పేగు కోసి తీసేసిన ఆపరేషన్ అయినవారు, పేగుకు రంధ్రం పడి ఏమీ తినలేనివారు, నెలలు నిండకుండా పుట్టిన పసికందులు కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు వీటి మీదే బతుకుతారు. తినే తిండిలో తేడా ఉంటే నాలుక పసిగడుతుంది. నాలుక దాటి పోయినా కడుపులోని ఆమ్లం చాలా క్రిములను చంపుతుంది, పేగు గోడ కొంత అడ్డుకుంటుంది, మిగిలినదాన్ని కాలేయం చూసుకుంటుంది. సిరలోకి వెళ్లేదానికి ఈ కాపలాలేవీ లేవు. చేతి సిరలో పడిన చుక్క కొన్ని సెకన్లలో గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తుల కేశనాళికలకు చేరుతుంది. శరీరం చేయవలసిన కాపలా పనినంతా ఫ్యాక్టరీ, ప్రయోగశాల, మందుల గిడ్డంగి, చివరికి వార్డులో స్టాఫ్ నర్సు కలిసి చేయాలి.

ఉత్తర తెలంగాణలో ఈ విషయం వరంగల్‌లోనే బాగా తెలుస్తుంది. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి, అంటే అందరూ పిలిచే ఎంజీఎంకు, పాత వరంగల్ జిల్లా అంతటి నుంచి, అందులోని ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల నుంచి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు నుంచి కూడా రోగులు వస్తారు. హనుమకొండ వీధుల్లో ప్రైవేటు నర్సింగ్ హోములు వరసగా ఉన్నాయి. ఊళ్లలో ఆర్‌ఎంపీల దగ్గర ‘నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టు’ అని అడిగి మరీ పెట్టించుకునేవారికి కొదవ లేదు. ఐసీయూలో ప్రాణం నిలబెట్టే ద్రావణమూ, పల్లెలో అవసరం లేకుండా ఎక్కించే ద్రావణమూ ఒకే రకం బాటిళ్లలో, ఒకే దారిన వస్తాయి. ప్రమాదం కూడా ఒకటే.

గ్లూకోజ్ బాటిల్‌లో బలం ఎంత?

లేబుల్ చదవడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ అంటే ప్రతి 100 మి.లీ.లో 5 గ్రాములు. అర లీటరు బాటిల్‌లో 25 గ్రాములు. శక్తి లెక్కన అది వంద క్యాలరీలకు మించదు. రెండు ఇడ్లీలు తిన్నంత. 0.9 శాతం సోడియం క్లోరైడ్ ఉన్న నార్మల్ సెలైన్‌లో అదీ లేదు, లీటరుకు 9 గ్రాముల ఉప్పు తప్ప. రింగర్ లాక్టేట్‌లో సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడ్, లాక్టేట్ ఉంటాయి. వాంతులు, విరేచనాలతో పోయిన నీటిని, లవణాలను భర్తీ చేయడానికి అది పనికొస్తుంది. ఇవేవీ ఆహారం కావు. 60 కిలోల మనిషికి రోజుకు కావలసిన 1,500 క్యాలరీలను 5 శాతం గ్లూకోజ్‌తోనే ఇవ్వాలంటే ఏడెనిమిది లీటర్ల పైనే ఎక్కించాలి. అంత నీటిని గుండె, కిడ్నీలు తట్టుకోవు. ఈ లెక్క తెలిస్తే నీరసానికి సెలైన్ పెట్టించుకునే అలవాటు సగం తగ్గుతుందని ఈ వ్యాసకర్త నమ్మకం.

అసలైన సిర పోషణకు గాఢమైన గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, కొవ్వు మూడూ కావాలి. గాఢత పెరిగితే చేతి సిరలు మండి వాస్తాయి. ఈ గాఢతను కొలిచే ఓస్మోలారిటీ లీటరుకు సుమారు 900 మిల్లీ ఓస్మోల్స్ దాటిన మిశ్రమాన్ని గుండెకు దగ్గరగా ఉన్న పెద్ద సిరలోకి వేసిన గొట్టం ద్వారానే ఇవ్వాలన్నది సాధారణ నియమం. పెద్ద సిర ద్వారా పూర్తి పోషణ ఇవ్వవచ్చని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డడ్రిక్ బృందం మొదట కుక్కపిల్లల మీద, తర్వాత పేగు లోపంతో పుట్టిన బిడ్డకు ఇచ్చి చూపించింది. ఆ ఫలితాలు 1968లో వెలువడ్డాయి. అంతకు ముందే, 1960ల మొదట్లో, స్వీడన్‌లో అర్విడ్ రెట్లిండ్ సోయా నూనె, గుడ్డు సొనలోని ఫాస్ఫోలిపిడ్‌లతో సురక్షితమైన కొవ్వు ఎమల్షన్ తయారుచేశాడు. ఇంట్రాలిపిడ్ అనే ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

పదార్థాల తనిఖీ

డెక్స్‌ట్రోజ్‌ను వేడితో శుద్ధి చేసేటప్పుడు కొంత విరిగి హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్ అనే పదార్థం పుడుతుంది. అతిగా వేడెక్కిన ద్రావణం పసుపు పచ్చబడుతుంది. కంటికి కనపడేలోపే దీన్ని పట్టుకోవడానికి ప్రయోగశాలలో 284 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ద్రావణం ఎంత పీలుస్తుందో కొలుస్తారు. గ్లూకోజ్‌ను, అమైనో ఆమ్లాలను ఒకే బాటిల్‌లో పోసి వేడి చేస్తే అవి రెండూ కలిసి గోధుమ రంగుకు మారతాయి. అందుకే వాటిని వేర్వేరుగానో, ఒకే సంచిలో వేర్వేరు గదుల్లోనో ఉంచి, వాడే ముందే కలుపుతారు. అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ గాలి తగిలితే పాడవుతుంది. దాన్ని కాపాడటానికి కొన్ని తయారీల్లో మెటాబైసల్ఫైట్ వేస్తారు. ఆ బైసల్ఫైటే విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. అందుకే విటమిన్లను రోగికి ఎక్కించబోయే ముందు కలుపుతారు.

కొవ్వు ఎమల్షన్ తెల్లగా పాలలా ఉంటుంది కాబట్టి లోపల ఏముందో కంటికి తెలియదు. బిందువుల సగటు వ్యాసం 0.5 మైక్రాన్ కంటే తక్కువ ఉండాలి. 5 మైక్రాన్లు దాటిన బిందువుల్లోని కొవ్వు మొత్తం కొవ్వులో 0.05 శాతం మించరాదని అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం చెబుతుంది. పెద్ద బిందువులు ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. నిల్వలో పైన మీగడలా పేరుకుంటే మెల్లగా అటూ ఇటూ తిప్పితే మళ్లీ కలుస్తుంది. పసుపు రంగు నూనె చారలు కనబడ్డాయంటే ఎమల్షన్ విరిగినట్టే, ఎంత కలిపినా కలవదు. ఆ సంచిని ఎక్కించకూడదు. గుడ్డు, సోయా పడనివారికి ఈ ద్రావణం ఇచ్చే ముందు అడిగి తెలుసుకోవాలి.

కలపడంలో అన్నిటికంటే మోసపూరితమైనవి కాల్షియం, ఫాస్ఫేట్. రెండూ శరీరానికి కావాలి, రెండూ కలిస్తే గట్టిపడి స్ఫటికాలవుతాయి. 1994లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇచ్చిన హెచ్చరికకు కారణం ఇదే: ఇలా గట్టిపడ్డ మిశ్రమాలు ఎక్కించిన రోగుల్లో ఇద్దరు చనిపోయారు, ఊపిరితిత్తుల్లో స్ఫటికాలు కనిపించాయి. పారదర్శక ద్రావణంలో మసక కనబడుతుంది. కొవ్వు కలిపిన తెల్లని మిశ్రమంలో అదీ కనబడదు. కాబట్టి ఫాస్ఫేట్‌ను ముందు, కాల్షియాన్ని చివరిలో, మధ్యలో బాగా కలుపుతూ వేస్తారు. కాల్షియం క్లోరైడ్ బదులు తక్కువగా గట్టిపడే గ్లూకోనేట్ వాడతారు. ఎక్కించే గొట్టానికి కొవ్వు ఉంటే 1.2 మైక్రాన్ల ఫిల్టర్, లేకపోతే 0.22 మైక్రాన్ల ఫిల్టర్ పెడతారు. ఇంకో చిక్కు అల్యూమినియం. గాజు సీసాల్లో నిల్వ ఉన్న కాల్షియం గ్లూకోనేట్‌లోకి గాజు నుంచి అది దిగుతుంది. నెలలు నిండని బిడ్డల ఎముకలకు, మెదడుకు హాని చేస్తుంది.

పొటాషియం క్లోరైడ్ సంగతి వేరుగా చెప్పాలి. 15 శాతం గాఢతతో వచ్చే 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. కలపకుండా నేరుగా సిరలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. ఆకారంలో, రంగులో అది ఇంజెక్షన్లకు వాడే నీటి ఆంప్యూల్‌ను పోలి ఉంటే, రాత్రి డ్యూటీలో పొరపాటుకు ఎంతో దూరం లేదు. రెండింటినీ ఒకే ట్రేలో ఉంచకపోవడం, ఇద్దరు చదివి ఇద్దరూ సంతకం చేయడం ఇక్కడ ప్రాణం కాపాడతాయి.

ఎక్కువైన పదార్థం ఎంత ప్రమాదమో లేని పదార్థమూ అంతే. 1997లో అమెరికాలో సిరలోకి ఇచ్చే మల్టీవిటమిన్ సరఫరా తగ్గినప్పుడు బి1 అందని రోగుల రక్తంలో ల్యాక్టిక్ ఆమ్లం ప్రమాదకర స్థాయికి పెరిగింది. జింక్, రాగి, సెలీనియం వంటివి వారాల తరబడి సిర పోషణ మీద ఉన్నవారికి తప్పనిసరి.

పసికందుల వార్డులో తనిఖీ అంటే లెక్క సరిచూడటమే. 10 శాతం డెక్స్‌ట్రోజ్‌ను కిలోకు రోజుకు 60 మి.లీ. చొప్పున ఇస్తే, కిలోకు నిమిషానికి 4 మిల్లీగ్రాముల పైచిలుకు గ్లూకోజ్ అందుతుంది. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డకు అది సరైన మోతాదు. అదే పంపులో, అదే వేగంతో, పక్కనే ఉన్న 25 శాతం బాటిల్ తగిలిస్తే 10 మిల్లీగ్రాములు దాటుతుంది. బిడ్డ రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకుతుంది. లేబుల్ మీద ఒక్క సంఖ్య తేడా, అంతే.

ప్యాకింగు

ఒకప్పుడు సెలైన్ గాజు బాటిల్‌లో, రబ్బరు మూతతో వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ గుళికలను కరిగించి, బాటిల్‌గా ఊది, ద్రావణం నింపి, మూసేసే పని ఒకే యంత్రంలో, మనిషి చేయి తగలకుండా జరుగుతుంది. పాలీప్రొపిలీన్ 121 డిగ్రీల ఆవిరిని తట్టుకుంటుంది. మెత్తని పాలిథీన్ తట్టుకోదు కాబట్టి దాన్ని తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచుతారు. పాత పీవీసీ సంచుల్లో మెత్తదనం కోసం వేసిన డీఈహెచ్‌పీ అనే రసాయనం కొవ్వులోకి కరిగి దిగుతుంది. కొవ్వు కలిసిన మిశ్రమాలకు పీవీసీ కాని సంచులే వాడాలి. మూడు గదుల సంచుల పైకవరులో ఆక్సిజన్ పీల్చే పొట్లం, కొన్నింట్లో రంగు మారే సూచిక ఉంటాయి. సూచిక రంగు మారిందంటే లోపలికి గాలి దూరింది.

ప్లాస్టిక్‌కు ఎండ పడదు. ‘30 డిగ్రీల లోపు ఉంచాలి’ అని లేబుల్ మీద ఉంటుంది. వరంగల్‌లో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులు మామూలే. రేకుల కప్పు కింద, ట్రాలీ ఆటోలో, మందుల దుకాణం ముందు ఎండలో పేర్చిన అట్టపెట్టెల్లో ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ గోడ గుండా నీరు ఆవిరై లవణాల గాఢత నెమ్మదిగా పెరుగుతుంది, విటమిన్లు, కొవ్వు త్వరగా పాడవుతాయి. కొవ్వు ఎమల్షన్‌ను గడ్డకట్టే చలిలోనూ ఉంచకూడదు; ఒకసారి గడ్డకట్టిందా, విరిగినట్టే.

ఇంకో చెడ్డ అలవాటు ఉంది. ద్రావణం సరిగా దిగడం లేదని బాటిల్ పైభాగంలో సూది గుచ్చి గాలి పోనివ్వడం. ఫ్యాక్టరీలో అంత జాగ్రత్తగా మూసినదాన్ని వార్డులో ఒక్క పోటుతో తెరిచినట్టే; గదిలోని గాలి వడకట్టకుండా లోపలికి వెళుతుంది. తనంతట తాను ముడుచుకునే సంచికి గాలి అక్కర్లేదు. గట్టి బాటిల్ అయితే ఫిల్టర్ ఉన్న గాలి మార్గంతో వచ్చే ఐవీ సెట్ వాడాలి. పూర్తిగా మూసి ఉండే పద్ధతికి మారిన చోట రక్తంలో ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు కొన్ని దేశాల అధ్యయనాల్లో తేలింది.

ప్రయోగశాల ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

సూక్ష్మజీవుల పరీక్షకు నమూనాను రెండు రకాల పోషక ద్రవాల్లో వేసి 14 రోజులు చూస్తారు. ఒక బ్యాచ్‌లో వెయ్యికి ఒక బాటిల్ కలుషితమై ఉందనుకుందాం. పది బాటిళ్లు తీసి పరీక్షిస్తే, ఆ చెడ్డ బాటిల్ చేతికి చిక్కకుండా బ్యాచ్ పాసయ్యే అవకాశం 99 శాతం. నూటికి ఒకటి చెడ్డదైనా 90 శాతం అవకాశం పాసవడానికే. ‘పరీక్షలో పాసైంది’ అన్న కాగితం శుద్ధతకు నిదర్శనం కానే కాదు. ఆవిరి వేడితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో ప్రతి మూలకూ సరైన వేడి చేరిందని చూపే రికార్డే అసలైన నిదర్శనం. 1972లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్, డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించిన రోగులు ఐదుగురు చనిపోయారు. ఆటోక్లేవ్ అడుగున గాలి బయటికి పోక, కింది వరసల బాటిళ్లకు వేడి చేరలేదు. ఉష్ణోగ్రత తక్కువ చూపిన పరికరాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అంతకు ముందు ఏడాది అమెరికాలో కొత్త రకం మూత పొరతో వచ్చిన బాటిళ్ల వల్ల పాతిక ఆసుపత్రుల్లో రక్త ఇన్‌ఫెక్షన్లు బయటపడ్డాయి. ద్రావణం మంచిదే, చెడింది మూత దగ్గర.

ఎండోటాక్సిన్ ఇంకా మొండిది. నీటిలో బాక్టీరియా పెరిగి చచ్చినా వాటి పైపొర ముక్కలు మిగులుతాయి. ఆటోక్లేవ్ వేడికి అవి పోవు. సెలైన్ మొదలైన అరగంట, గంటలో రోగి వణికిపోతూ చలిజ్వరం రావడానికి ఇదొక ముఖ్య కారణం. స్వేదనజలం వల్ల వచ్చే జ్వరాలకు మూలం బాక్టీరియా విషమేనని 1920లలో ఫ్లోరెన్స్ సీబర్ట్ నిరూపించింది. నేడు గుర్రపుడెక్క పీత రక్తం నుంచి తీసిన పదార్థంతో దీన్ని పరీక్షిస్తారు. కంటికి కనబడని రేణువుల లెక్కా ఉంది: 100 మి.లీ. దాటిన బాటిళ్లలో మి.లీ.కు 10 మైక్రాన్లు, ఆపై పరిమాణం గల రేణువులు 25కు మించరాదు; 25 మైక్రాన్లు, ఆపై పరిమాణం గలవి 3కు మించరాదు.

సరఫరా, చట్టం

1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం, 1945 నియమావళి వీటికి వర్తిస్తాయి. 100 మి.లీ., ఆపై పరిమాణంలో తయారయ్యే ఇంజెక్షన్ ద్రావణాల లైసెన్సుకు రాష్ట్ర అధికారి అనుమతి ఒక్కటే చాలదు, కేంద్ర అధికారి ఆమోదం కూడా కావాలి. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రులకు రాష్ట్ర వైద్య సేవల, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ కొని, గిడ్డంగుల ద్వారా పంపుతుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దుకాణంలో గానీ, ఆసుపత్రిలో గానీ నమూనా తీస్తే దాన్ని భాగాలు చేసి సీలు వేసి, ఒకటి విశ్లేషణకు పంపుతాడు, ఒకటి అమ్మినవారికి ఇస్తాడు, ఒకటి కోర్టు కోసం దాచుతాడు. నివేదికను కాదనాలంటే 28 రోజుల గడువు ఉంది.

ఈ ఏర్పాట్లన్నీ ఉన్నా తెలంగాణలోనే దెబ్బ తగిలింది. 2016 జూన్ చివర హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కంటిలో ఇన్‌ఫెక్షన్ సోకింది, కొందరి చూపు పోయింది. కన్ను కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్‌లో బాక్టీరియా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 2011లో రాజస్థాన్‌లోని జోధ్‌పుర్‌లో పదిహేను మందికి పైగా గర్భిణులు, బాలింతలు చనిపోయిన ఘటనలోనూ, 2024 నవంబరులో కర్ణాటకలోని బళ్లారిలో బాలింతల మరణాల్లోనూ వేళ్లన్నీ సిరలోకి ఎక్కించిన ద్రావణం వైపే చూపాయి. మూడు చోట్లా రోగులు పేదలు, ప్రభుత్వ ఆసుపత్రిని నమ్మి వచ్చినవారు. ఈ తనిఖీని కాగితాల పనిగా చూడకూడదని గట్టిగా చెప్పడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.

మంచం పక్కన

బాటిల్ తగిలించే ముందు చేయవలసింది రెండు నిమిషాల పని. పైకవరు చించి, తడిగా ఉందేమో చూడాలి. కవరులో నీటి చుక్కలు ఎక్కువగా ఉంటే లీకేజీ అనుమానించాలి. బాటిల్‌ను గట్టిగా నొక్కి పట్టుకుని మూత చుట్టూ, అడుగు అతుకు దగ్గర చెమ్మ వస్తుందేమో చూడాలి. వెలుతురుకు ఎదురుగా, ఒకసారి తెల్ల గోడ ముందు, ఒకసారి నల్లటి గుడ్డ ముందు తలకిందులు చేసి ఐదేసి సెకన్లు చూడాలి. తెల్లని వెనకభాగంలో నల్ల నలకలు, నల్లని వెనకభాగంలో తెల్ల పోగులు, బూజు తునకలు బయటపడతాయి. మూత మీది రక్షణ చెక్కు చెదరకుండా ఉందా, బాటిల్ మీది బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ అట్టపెట్టె మీది వాటితో సరిపోతున్నాయా చూడాలి. లేబుల్ మీద పేరు కాదు, ‘ప్రతి 100 మి.లీ.లో’ అన్న వరసను చదవాలి. డాక్టరు రాసినదాంతో అంకె అంకె పోల్చాలి. ఏదైనా కలిపితే ఏం కలిపారో, ఎంతో, ఎప్పుడో, ఎవరో చీటీ మీద రాసి బాటిల్‌కు అంటించాలి. రోగి కేస్ షీట్‌లో బ్యాచ్ నంబరు రాయడం మన దగ్గర చాలా చోట్ల లేదు. ఉండి తీరాలి. అది లేకపోతే ఏ బాటిల్ ఎవరికి వెళ్లిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

వణుకు, జ్వరం, ఆయాసం మొదలైతే ద్రావణాన్ని వెంటనే ఆపి డాక్టరును పిలవాలి. బాటిల్‌ను, ఐవీ సెట్‌ను పారేయకుండా మూసి, చీటీ రాసి ఫ్రిజ్‌లో భద్రపరచాలి. రోగి రక్తాన్ని, ద్రావణాన్ని రెండింటినీ కల్చర్‌కు పంపాలి. మందుల దుష్ఫలితాల జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో రోగి బంధువులైనా తెలపవచ్చు. చట్టంలోని 26వ సెక్షన్ కింద తాను కొన్న మందును రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకునే హక్కు మామూలు పౌరుడికీ ఉంది. అయితే తెరిచిన బాటిల్‌లో క్రిములు దొరికినా, తెరిచాకే చేరాయని తయారీదారు వాదించవచ్చు. కాబట్టి అదే బ్యాచ్‌కు చెందిన సీలు విప్పని బాటిళ్లు వార్డులోనూ, స్టోరులోనూ ఎన్ని ఉంటే అన్నీ పక్కకు తీసి, తాళం వేసి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఒక్కటీ తిప్పి పంపకుండా ఉంచాలి.